ముగ్గురు కృష్ణులు, ఒకటే రాయబారం

చీమకుర్తి, ఒంగోలు, అద్దంకి వైపు ఊళ్లలో తిరునాళ్ల నాటకానికి పంచే కరపత్రం ఒకటి తీసి చూడండి. పైన దేవుడి బొమ్మ, దాతల పేర్లు, కింద పాత్రల పట్టిక. ఆ పట్టికలో శ్రీకృష్ణుడు ఒక్కడే ఉండడు. శ్రీకృష్ణుడు-1, శ్రీకృష్ణుడు-2, ఒక్కోసారి శ్రీకృష్ణుడు-3. ఒక్కో అంకెకు ఎదురుగా ఒక్కో నటుడి పేరు, ఆయన ఊరు. హరిశ్చంద్ర నాటకమైతే వారణాసి సీనుకు ఒకరు, కాటి సీనుకు మరొకరు. కొత్తవాళ్లకు అచ్చుతప్పులా కనిపించే ఈ అంకెలు ఇక్కడి ప్రేక్షకుడికి చాలా సంగతులు చెబుతాయి. ఎవరు ఎన్ని గంటలకు వస్తారు, ఎవరి కోసం మేలుకోవాలి, ఎవరి వంతులో వెళ్లి టీ తాగి రావచ్చు.

ఈ అంకెల వెనక ఒక పెద్ద ప్రశ్న ఉంది. రాత్రంతానో నెలల తరబడో సాగే కథను ఒకే జట్టు చివరిదాకా మోయాలా? అనుభవంలోనూ సత్తాలోనూ తేడా ఉన్న రెండు మూడు జట్లు వంతులు వేసుకుని నడిపితే కథ ఒకటిగా నిలుస్తుందా, ముక్కలవుతుందా? తెలుగు రంగస్థలం దీన్ని చర్చించింది తక్కువ, ఆడి చూసింది ఎక్కువ. అమెరికాలో 1970లలో పుట్టిన రోల్‌ప్లేయింగ్ ఆటలు మాత్రం యాభై ఏళ్లుగా ఇదే ప్రశ్నకు నియమాల పుస్తకాల్లో జవాబులు రాస్తూ, కొట్టేస్తూ, మళ్లీ రాస్తూ వస్తున్నాయి.

ఆ ఆట తెలియనివారికి రెండు మాటలు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవారు తలా ఒక పాత్ర తీసుకుంటారు. తమ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు, తేలనిచోట పాచిక వేస్తారు. గండాలు గట్టెక్కిన కొద్దీ పాత్ర 'లెవెల్' పెరుగుతుంది. ఒకటో లెవెల్ పాత్రకు పెద్ద ఎలుక కూడా ప్రాణగండమే, పదిహేనో లెవెల్ పాత్ర డ్రాగన్‌కు ఎదురు నిలుస్తుంది. నెలల తరబడి సాగే అలాంటి కథను క్యాంపెయిన్ అంటారు. ఒకే క్యాంపెయిన్‌లో ఒక జట్టు పదిహేనో లెవెల్‌లో, ఇంకోటి మూడో లెవెల్‌లో ఉంటే ఎలా అన్నది అక్కడి చిక్కు. పేరుమోసిన కృష్ణుడూ నిన్నమొన్న రంగు పూసుకున్న కృష్ణుడూ ఒకే రాత్రి వేదికెక్కితే ఎలా అన్నది ఇక్కడి చిక్కు. రెండుచోట్లా ముడి విప్పేది ఒకటే: కింది జట్టుకు పై జట్టు చేయలేని పని ఏదైనా ఉందా, లేదా?

రాత్రిని పంచుకున్న కృష్ణులు

పద్యనాటకంలో ఈ ఏర్పాటు మొదటి నుంచీ లేదు. 19వ శతాబ్దం చివర్లో బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ నడుపుతూ, పాటలూ రాగయుక్తంగా పాడే పద్యాలూ ఉన్న నాటకాలకు ఊపు తెచ్చారు. ఆ తర్వాత తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్రీయం, చిలకమర్తి గయోపాఖ్యానం ఊరూరా పాకాయి. చదువురాని రైతుకు కూడా పద్యం నోటికొచ్చింది. ఏ పద్యం తర్వాత ఏది వస్తుందో ముందు వరస ప్రేక్షకుడికి నటుడితో సమానంగా తెలుసు.

ఆ దశలోనే కాంట్రాక్టరు వచ్చాడు. ఒక సమాజం నెలల తరబడి రిహార్సల్ చేసి ఆడే నాటకానికి పక్కనే, పేరున్న నటులను తలా ఒక ఊరి నుంచి పిలిపించి ఒకే వేదిక మీద నిలబెట్టే కాంట్రాక్టు నాటకం పెరిగింది. సాయంత్రం బస్సు దిగిన దుర్యోధనుడు, రాత్రి పదింటికి చేరిన అర్జునుడు అంతకుముందు ఒకరినొకరు చూసి ఉండకపోయినా నాటకం ఆగదు. పుస్తకం ఒకటే, సీన్ల వరస ఒకటే, పద్యాలు అవే. మిగతాది హార్మోనిస్టు చూసుకుంటాడు.

ఒక్క పాత్రకు ఇద్దరు ముగ్గురు ఎందుకు? మొదటి కారణం గొంతు. ఒక్కో పద్యాన్ని సాగదీసి, 'వన్స్ మోర్' అన్నప్పుడల్లా మళ్లీ ఎత్తుకుని తెల్లవారేదాకా పాడటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. రెండోది పోటీ సరదా: ఇద్దరు కృష్ణులను పక్కపక్కన తూచే అవకాశం జనాన్ని లాగుతుంది. మూడోది ఊరి లెక్క. పంట చేతికొచ్చి నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో నాటకానికి చందా ఇచ్చినవాళ్లలో పద్యం పాడగలిగినవారూ ఉంటారు. వాళ్లకు వేషం వేయాలని ఉంటుంది. ఊరి నటుడికి మొదటి సీన్లు, బయటి నుంచి పిలిపించిన పేరున్న నటుడికి అసలు సీను. స్థాయిల వరస అక్కడే ఏర్పడింది.

పడక సీనునూ రాయబారం సీనునూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ఏర్పాటు ఎందుకు నిలిచిందో తెలుస్తుంది. పడక సీనులో కృష్ణుడు నిద్ర నటిస్తాడు. తలవైపు దుర్యోధనుడు, కాళ్లవైపు అర్జునుడు. లేచాక చేసేదంతా చమత్కారం, చిరునవ్వు, మాటను మెలితిప్పడం. సేన ఒకవైపు, ఆయుధం పట్టని తను ఒకవైపు అని పంపకం పెట్టి ఇద్దరినీ తృప్తిగా సాగనంపాలి. రాయబారంలో నిండు కౌరవసభ ఉంటుంది. అక్కడి కృష్ణుడు సంధి అడగాలి, హెచ్చరించాలి, చివరకు విశ్వరూపం చూపాలి. గొంతులో నగారా మోగాలి. ఒక సీనుకు పనికొచ్చే నేర్పు రెండోదానికి చాలదు. అందుకే పేరు తక్కువైన మొదటి కృష్ణుడు కూడా తన గంటన్నరలో రాజుగానే ఉంటాడు, రెండో కృష్ణుడి కోసం కుర్చీ తుడిచేవాడిలా కాదు.

మార్పిడి జరిగే క్షణం చూడదగ్గది. తెర పడుతుంది. మొదటి కృష్ణుడు కిరీటం తీసి చెమట తుడుచుకుంటుంటే, రెండో కృష్ణుడు అప్పటికే నెమలిపింఛం సర్దుకుని నిలబడి ఉంటాడు. హార్మోనిస్టు తల తిప్పి శ్రుతి అడుగుతాడు, ఇంతకుముందు ఐదు, ఇప్పుడు ఆరు. తెర లేవకముందే లోపలి నుంచి రాగం అందుకుంటుంది. మైదానంలో పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటారు, మొహం చూడకుండానే ఎవరో పోల్చుకుంటారు. తెర లేచాక కొత్త ముఖం గురించి ఎవరికీ అనుమానం రాదు. అర్జునుడికి ఆ కృష్ణుడు ఇచ్చిన మాట ఈ కృష్ణుడిదే.

కాటిదాకా తీసుకెళ్లేవాళ్లు

బాపట్ల దగ్గరి ఇటికంపాడులో పుట్టిన బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర కథకు ఇచ్చిన రూపం గుంటూరు, ప్రకాశం పల్లెలకు సొంత ఆస్తి అయింది. ఆ నాటకంలో స్థాయిల సమస్య ఇంకా పదునుగా ఉంటుంది. జనం ఎదురుచూసేది కాటి సీను కోసం. డి.వి. సుబ్బారావు, చీమకుర్తి నాగేశ్వరరావు లాంటి నటుల పేర్లు హరిశ్చంద్ర పాత్రతోనే ముడిపడిపోయాయి. కానీ కాటికి చేరేలోపు అడవి ఉంది, వారణాసి ఉంది, ఆలుబిడ్డల అమ్మకం ఉంది. ఆ దూరమంతా ఎవరు నడిపించాలి?

నాటకం ఆ బరువును నక్షత్రకుడి మీద పెట్టింది. అప్పు వసూలుకు విశ్వామిత్రుడు వెంట పంపిన శిష్యుడు అతను. రాజును పీడిస్తాడు, జనాన్ని నవ్విస్తాడు, చివరకు కరుగుతాడు. పేరున్న హరిశ్చంద్రుడు ఎంత పాడినా ఈ పని చేయలేడు. పీడించేవాడు లేకపోతే ఓర్పు కనబడదు. వారణాసి హరిశ్చంద్రుడు కాటి హరిశ్చంద్రుడికంటే పేరులో తక్కువవాడైనా, నక్షత్రకుడు గట్టివాడైతే ఆ సీను నిలబడుతుంది. అనుభవజ్ఞులైన నిర్వాహకులు కొత్త హరిశ్చంద్రుడికి పాత నక్షత్రకుణ్ని జతచేయడం అందుకే.

ఈ చట్రం మూసిన పెట్టె కూడా కాదు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు బలిజేపల్లి నాటకంలోవి కావు. నటులు వాటిని కాటి సీనులోకి తెచ్చుకున్నారు, జనం ఒప్పుకున్నారు, ఇవాళ అవి లేని కాటి సీనును ఊహించలేం. కథ మలుపులు మారకుండా ఉన్నంతకాలం, ఏ జట్టు ఏ పద్యం చేర్చినా కథ విరగలేదు.

నిచ్చెనలా పైకెక్కే పద్ధతికి సురభిని మించిన ఉదాహరణ లేదు. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఈ కుటుంబ నాటక సంప్రదాయానికి వనారస గోవిందరావు ఆద్యుడు. కుటుంబాలు పెరిగిన కొద్దీ సమాజాలు చీలాయి. అందరిదీ దాదాపు ఒకే నాటకాల మూట: మాయాబజార్, పాతాళభైరవి, బాలనాగమ్మ, భక్త ప్రహ్లాద. పిల్లవాడు ప్రహ్లాదుడిగానో లోహితాస్యుడిగానో రంగంలోకి వస్తాడు, ఎదిగి కథానాయకుడవుతాడు, నెరిసి హిరణ్యకశిపుడవుతాడు. మూడు తరాలు ఒకే రాత్రి ఒకే తెర వెనక ఉంటాయి. ప్రహ్లాదుడి పని తాత చేయలేడు, ఎంత అనుభవం ఉన్నా సరే. పిల్లవాడికి ఇచ్చిన పాత్ర చిన్న పాత్ర కాకపోవడమే సురభి రహస్యం.

కారంపూడిలో ఐదు రోజులు

వేదిక వదిలి నేల మీదికి వస్తే, పలు జట్ల కథకు తెలుగునాట అన్నిటికంటే పెద్ద ఉదాహరణ పల్నాడు. 12వ శతాబ్దం చివర్లో గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య నాగులేరు ఒడ్డున కారంపూడిలో జరిగిన పోరును శ్రీనాథుడి పేరు మీద ఉన్న పల్నాటి వీరచరిత్ర ద్విపదలో చెప్పింది. వీరవిద్యావంతులు పాటగా నిలబెట్టారు. అమెరికన్ పరిశోధకుడు జీన్ రోఘేర్ ఆ పాట సంప్రదాయాన్ని నమోదు చేసి 1982లో ఇంగ్లిష్ అనువాదంతో పుస్తకం తెచ్చాడు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ బుర్రకథగా చెప్పి ఊరూరా తిప్పారు.

ఈ కథలో మాచర్ల పక్షంలోనే రెండు జట్లు ఉన్నాయి. పై జట్టు బ్రహ్మనాయుడిది. మంత్రిగా రాజ్యాలు నడిపినవాడు, పక్కన సేనాని కన్నమదాసు. కోడిపందెం ఓడి, ఏడేళ్ల వలస గడిపి, యుద్ధమంటే ఏమిటో తెలిసినవాళ్లు. కింది జట్టు బాలచంద్రుడిది. వేర్వేరు కులాల్లో పుట్టి తమ్ముల్లా కలిసి తిరిగిన కుర్రాళ్లు. వాళ్లను పెద్దలు యుద్ధానికి దూరంగా ఉంచారు. బొంగరాలాటలో బాలచంద్రుడి బొంగరం ఒకామె కాలికి తగులుతుంది, ఆమె తిట్టిన తిట్టులో యుద్ధం వార్త బయటపడుతుంది. పెద్దలు కారంపూడిలో సంధి మాట్లాడుతున్న వేళ కుర్రాళ్లు వచ్చి పడతారు. సంధి చెడుతుంది.

పెద్దల జట్టు చేతిలో బలం ఉంది, బలగం ఉంది, ఓర్పు ఉంది. సంధిని చెడగొట్టే తెగువ మాత్రం లేదు. కథ ముందుకు కదలడానికి కావాల్సింది అదే, అది కుర్రాళ్ల దగ్గరే ఉంది. ఆ కుర్రాళ్లలో ఒకడైన అనపోతును చావు నుంచి తప్పించాలని బాలచంద్రుడు ఉపాయంతో వెనక్కి పంపడం, అది తెలిసి అనపోతు ప్రాణం తీసుకోవడం లాంటి ఘట్టం పెద్దల జట్టులో ఊహకందదు. కింది స్థాయి జట్టు నిర్ణయం పై స్థాయి జట్టు దారిని మార్చేయడం ఈ కథకు ప్రాణం.

ఏటా కార్తీకమాసం చివర కారంపూడిలో ఐదు రోజుల వీరుల ఉత్సవాలు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. వీరాచారం పాటించే కుటుంబాలు దూరదూరాల నుంచి తమ తమ వీరుల ఆయుధాలు పట్టుకుని వస్తాయి. రాయబారం రోజు మాచర్ల రాయబారిగా వెళ్లిన అలరాజుది, మందపోరు రోజున కులభేదం లేకుండా కలిసి తినే చాపకూడు, చివరి రోజు యుద్ధం. అందరూ అన్ని రోజులూ ముందు వరసలో ఉండరు. ఎవరి రోజున వాళ్ల వీరుడు పెద్ద. మరునాడు అదే కుటుంబం జనంలో కలిసి నిలబడుతుంది. చిత్తూరు ప్రాంతంలో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర 18 రోజులు జరిగే మహాభారత ఉత్సవాలదీ ఇదే తీరు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, మధ్యమధ్య ఘట్టాల్లో ఊరివాళ్లే పాత్రధారులు. మూడు స్థాయులు, మూడు రకాల పనులు, కథ ఒకటే.

బల్ల మీది లెక్కలు

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో అచ్చు వేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తొలి నియమాల్లో ఒక క్యాంపెయిన్‌లో నలుగురి నుంచి యాభై మంది దాకా ఆడవచ్చని ఉంది. యాభై మంది ఒకే రోజు ఒకే బల్ల దగ్గరికి రారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు జట్లు కడతారు. అంటే పలు జట్లు, పలు లెవెల్‌లు అన్నది ఆ ఆటకు తర్వాత తగిలించిన అదనపు హంగు కాదు, పుట్టుకతో వచ్చింది. నలుగురు నేస్తాలు వారం వారం కలిసి, కలిసే లెవెల్ పెంచుకునే పద్ధతి తర్వాత స్థిరపడింది.

పాత నియమాల్లో తేడా తనంతట తానే తగ్గే కిటుకు ఉంది. 1981 నాటి పుస్తకంలో యోధుడి పట్టిక చూడండి. రెండో లెవెల్‌కు 2,000 అనుభవ పాయింట్లు, మూడుకు 4,000, నాలుగుకు 8,000. అలా దాదాపు రెట్టింపవుతూ ఆరుకు 32,000, ఏడుకు 64,000, ఎనిమిదికి 1,20,000. ఏడో లెవెల్ పెద్దాయన పక్కన కొత్తవాడు చేరి సమంగా వాటా పంచుకున్నాడనుకుందాం. పెద్దాయన ఎనిమిదికి ఎక్కాలంటే 56,000 కావాలి. అంతలో కొత్తవాడి ఖాతాలో కూడా 56,000 పడతాయి, వాడు ఆరో లెవెల్‌కు చేరిపోతాడు. చచ్చిపోకుండా ఉంటేనే అన్నది వేరే మాట.

ఆ చచ్చిపోవడమే అసలు అడ్డంకి. పై జట్టుకు సరిపోయే శత్రువు కింది జట్టును ఒక్క దెబ్బకు తుడిచిపెడతాడు. 2014 నాటి ఐదో కూర్పు గురి కుదిరే అవకాశాల్లో తేడాను బాగా తగ్గించింది. ఒకటో లెవెల్‌లో నైపుణ్యానికి కలిపే అంకె 2 అయితే, ఇరవయ్యో లెవెల్‌లో 6 మాత్రమే. కానీ ప్రాణశక్తి లెక్క అలా లేదు. ఫైర్‌బాల్ మంత్రానికి ఎనిమిది పాచికలు వేస్తే సగటున 28 దెబ్బ పడుతుంది. ఒకటో లెవెల్ యోధుడి ఒంట్లో ఉండేది పన్నెండో పదమూడో. అతనికి ఆ పోరులో చోటు లేదు. ఇద్దరినీ ఒకే పోరులో నిలబెట్టడం కంటే ఒకే కథలో వేర్వేరు చోట్ల నిలబెట్టడం మేలని ఆటలు కట్టేవాళ్లకు త్వరలోనే అర్థమైంది.

1987లో జోనథన్ ట్వీట్, మార్క్ రైన్‌హేగన్ తెచ్చిన 'ఆర్స్ మ్యాజికా' ఈ దిశలో పెద్ద అడుగు. మధ్యయుగపు యూరప్, మాంత్రికుల మఠం. ఒక్కో ఆటగాడికి ఒక మాంత్రికుడు, ఒక సహచరుడు. వంటవాళ్లు, కాపలావాళ్లు లాంటి గ్రాగ్‌లు అందరికీ ఉమ్మడి. కథ నడిపే బాధ్యత కూడా చేతులు మారుతుంది. ఒక కథలో మాంత్రికుడిగా వెలిగినవాడు మరో కథలో కాపలావాడిగా తిరుగుతాడు. మాంత్రికుడు ఒక ఋతువంతా గదిలో కూర్చుని చదువుకుంటుంటే సంతకు వెళ్లి గొడవ తెచ్చుకునేది గ్రాగ్‌లే. మాంత్రికులు జనంలోకి వస్తే జనం బెదురుతారని నియమాల్లోనే ఉంది. కాబట్టి ఊరితో మాట్లాడే పని సహచరుడిది. కింది స్థాయికి సొంత పని కల్పించడంలో ఈ ఆటంత తెలివిగా ఆలోచించినది తక్కువ.

తక్కినవి క్లుప్తంగా. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ తెచ్చిన 'పెన్‌డ్రాగన్'లో తండ్రి చనిపోతే కొడుకు పాత్రగా వస్తాడు, లెవెల్ తేడా తరాల తేడాగా మారుతుంది. 1991లో వచ్చిన 'డార్క్ సన్'లో ఒక్కొక్కరు నాలుగు పాత్రలు తయారుచేసుకోవాలి. ఆడుతున్న పాత్ర ఒక మెట్టు ఎక్కితే పక్కన పెట్టిన పాత్రల్లో ఒకదాన్ని కూడా ఒక మెట్టు ఎక్కించుకోవచ్చు. ఎడారి లోకంలో చావు మామూలని ముందే ఒప్పుకుని చేసిన ఏర్పాటు ఇది. 2012లో వచ్చిన 'డంజన్ క్రాల్ క్లాసిక్స్' ఇంకా కిందికి వెళ్లి సున్నా లెవెల్ రైతులనూ కమ్మరులనూ గుంపుగా గుహలోకి తోలుతుంది. బతికి బయటపడ్డవాళ్లే ఒకటో లెవెల్ వీరులు. బెన్ రాబిన్స్ 2000ల తొలి ఏళ్లలో నడిపిన 'వెస్ట్ మార్చెస్'లో పదిమందికి పైగా ఆటగాళ్లు వీలున్నప్పుడల్లా జట్టు కట్టి అడవుల్లోకి వెళ్లారు, తిరిగొచ్చి చూసింది తక్కినవాళ్లకు రాసి పంపారు. ఒక జట్టు గీసిన పటం ఇంకో జట్టుకు ఆస్తి.

ఎక్కడ బెడిసికొడుతుంది

ఈ పద్ధతి మీద వచ్చిన విమర్శలు రెండు లోకాల్లోనూ ఒకేలా ఉన్నాయి.

మొదటిది, పెద్ద పేరు కింద చిన్న పేరు నలిగిపోవడం. కాంట్రాక్టు నాటకాల మీద 20వ శతాబ్దం మధ్య నుంచీ వచ్చిన ఫిర్యాదే ఇది. పేరున్న నటుడు పద్యం ఎత్తుకుంటే ఎదుటి పాత్ర బొమ్మలా నిలబడాలి. రాగం పది నిమిషాలు సాగితే కథ పది నిమిషాలు ఆగాలి. అర్జునుడికి ఇవ్వాల్సిన సమయం 'వన్స్ మోర్'లకు పోతుంది. నాటక పరిషత్తుల పోటీలు సాంఘిక నాటకాన్నీ నాటికనూ ముందుకు తెచ్చినప్పుడు వాటిని సమర్థించినవాళ్లు చూపిన లోపాల్లో ఇది ఒకటి. ఆటబల్ల దగ్గర దీనికి సాటి, పదిహేనో లెవెల్ మాంత్రికుడు సాయానికి వచ్చి మూడో లెవెల్ జట్టు చిక్కును ఒక్క మంత్రంతో విప్పేయడం. ఆ కింది జట్టు నాలుగు వారాలు పడ్డ పాట్లు ఒక నిమిషంలో ఆవిరి.

రెండోది కాలం. పద్యనాటకంలో మొదటి కృష్ణుడు ఏ మాట ఇచ్చాడో పుస్తకంలో ఉంది, రెండో కృష్ణుడు మరిచిపోయే వీలు లేదు. బల్ల మీది ఆటకు అలాంటి పుస్తకం ముందుగా ఉండదు. పై జట్టు సముద్రయానంలో మూడు నెలలు గడిపితే, ఆ మూడు నెలల్లో కింది జట్టు రాజధానిలో ఏం చేసిందో తేలేదాకా పై జట్టు ఒడ్డుకు చేరకూడదు. లేకపోతే అప్పటికే కాలిపోయిన ఊళ్లో విందు ఆరగించినట్టవుతుంది. 1979 నాటి మార్గదర్శి పుస్తకంలో గైగాక్స్ రోజుల లెక్క ఖచ్చితంగా రాసుకోవాల్సిందేనని గట్టిగా చెప్పింది అందుకే. ఆ లెక్క కథ నడిపేవారి మెడకు చుట్టుకుంటుంది. చాలా క్యాంపెయిన్లు డ్రాగన్‌ల చేతిలో కాక ఈ లెక్కల చేతిలో ఓడిపోతాయి.

మూడోది ఆటగాడి మనసు. ఒక పాత్రతో ఆరు నెలలు గడిపినవాడిని వచ్చే వారం కాపలావాడిగా ఆడమంటే ముఖం చిట్లిస్తాడు. వేదిక మీద కూడా కాటి హరిశ్చంద్రుడిగా పేరొచ్చినవాడు వారణాసి సీనుకు మళ్లీ ఒప్పుకోవడం అరుదు. స్థానం నరసింహారావు చంద్రమతితో మొదలుపెట్టి సత్యభామగా శిఖరానికి చేరాక జనం ఆయనను సత్యభామగానే కోరుకున్నారు. దీనికి ఆర్స్ మ్యాజికా చూపిన విరుగుడు వంతు. పైమెట్టు ఎవరికీ శాశ్వతంగా రాసివ్వకపోతే కిందిమెట్టు చిన్నతనంగా తోచదు. సురభిలో మాత్రం ఆ పని వయసే చేస్తుంది.

అనుకూలించిన ఉదాహరణలన్నీ ఒకచోట పేర్చితే మూడు లక్షణాలు ఉమ్మడిగా కనిపిస్తాయి. ఒకటి, ఎవరు ఆడినా మారని చట్రం: పద్యనాటకానికి పుస్తకం, కారంపూడికి రోజుల వరస, బల్లకు పటమూ పంచాంగమూ. రెండు, జట్ల మధ్య చేతులు మారే వస్తువు: కృష్ణుడు ఇచ్చిన మాట, రాబిన్స్ ఆటగాళ్ల పటం, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పగ. మూడోది అన్నిటికంటే బరువైనది, కింది జట్టుకే దక్కిన పని. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే కింది జట్టు ఆట పై జట్టు వచ్చేలోపు కాలక్షేపమే అవుతుంది. మూడోది ఉంటే మొదటి రెండిట్లో కొంత లోటున్నా జనం సర్దుకుంటారు.

పల్నాడు ఆటగా కడితే

తెలుగు కథతో ఇలాంటి క్యాంపెయిన్ కట్టాలనుకునేవారికి పల్నాడు చేతికందిన సరుకు. ఆరుగురు ఆటగాళ్లు, తలా మూడు పాత్రలు చాలు. పై స్థాయిలో బ్రహ్మనాయుడి కొలువు: పదో లెవెల్ చుట్టుపక్కల, పొత్తులు, సంధులు, సేన కూర్చడం వాళ్ల పని. నడిమి స్థాయిలో అలరాజు వెంట రాయబారం వెళ్లే జట్టు: ఐదో లెవెల్, శత్రువు ఇంట్లో అన్నం తినాల్సిన పరిస్థితి, కత్తికంటే మాట ముఖ్యం. అట్టడుగున బాలచంద్రుడి నేస్తాలు: ఒకటో లెవెల్, చేతిలో బొంగరం.

మూడు జట్లనూ ఒకే వారం ఆడించకూడదు. అలరాజు విషప్రయోగానికి బలైన సంగతి నడిమి జట్టు ఆటలో తేలాకే కొలువు ఆట మొదలవ్వాలి. కొలువు సంధికి ఒప్పుకున్న తర్వాతే కుర్రాళ్ల ఆట. కొలువు ఏం ఒప్పుకుందో కుర్రాళ్ల పాత్రలకు తెలియదు, ఆ పాత్రలు ఆడేవాళ్లకు తెలుసు. తామే రెండు వారాల కింద బ్రహ్మనాయుడి పక్షాన కూర్చుని కుదిర్చిన సంధిని, ఇప్పుడు బాలచంద్రుడి పక్షాన చెడగొట్టాలా వద్దా అన్నది ఆ ఆరుగురూ బల్ల దగ్గర తేల్చుకోవాలి. చెడగొట్టకూడదని వాళ్లు తీర్మానిస్తే ఆ బల్ల మీది పల్నాడులో యుద్ధం జరగదు, కథ నడిపేవారు కళ్లిపాడు రోజుకు రాసుకున్న కాగితాలు పక్కన పెట్టి, సంధి తర్వాత మాచర్లకు తిరిగి వచ్చేవాళ్ల కోసం కొత్త పటం గీసుకోవాల్సి వస్తుంది.